ఇరవైనాలుగో వంతు

ముందు సీట్లతో మొదలుపెట్టాను.
ఒక్కొక్కటి బొటనవేలి గోరుకి కొంచెం పెద్ద.
పెట్టె విప్పినప్పుడు పాలపళ్ళ రంగులో ఉన్నాయి.
ఆ రంగు నాకు బాగా తెలుసు —
పగలంతా కవెంట్రీలో ఓ ల్యాబులో కూచుని
ఎవరెవరి నోళ్ళకో కట్టుడు పళ్ళు చేస్తాను.
రాత్రి అవే పనిముట్లు ఇంటికొస్తాయి:
మైనం చెక్కే కత్తి, వంకర ములుకు,
నుదుటికి కట్టుకునే భూతద్దం.

బల్లకి అవతల, పక్కింటి సిరిల్ పార్జిటర్.
ఎనభై మూడేళ్ళు.
చేతులు చెప్పిన మాట వినవు గనక
తువ్వాలు కింద వాటిని అణిచిపెట్టి
కళ్ళతోనే నా చేత పని చేయిస్తాడు.
"ఎరుపు కాదమ్మాయ్, అది ఎద్దు నెత్తురు.
మేమలాగే అనేవాళ్ళం."
నేను ఎండు రేగుపండు అనుకుని కలిపాను.
ఊఁ, అన్నాడు.

కారు అరవై మూడు నాటిది, ముదురాకుపచ్చ సెలూన్.
దానిలో ఇరవైనాలుగో వంతు నా వంటింటి బల్ల మీద.
అదే లెక్కన రోజు ఒక గంట అవుతుంది;
ఫ్యాక్టరీలో ఆయన తోలు కుట్టిన పందొమ్మిదేళ్ళు
తొమ్మిదిన్నర నెలలు —
నెలలు నిండి, పైన రెండు వారాలు.
అంగుళానికి ఏడు పడే ఆయన కుట్టు
ఇక్కడ వెంట్రుకవాసి కూడా ఉండదు.
కుట్టు వేయలేను, దాని నీడ వేస్తానన్నాను.
మడతల్లోకి పల్చటి నలుపు జార్చి
మెరక మీద బట్టతో తుడిచేశాను.
"డ్రైవరు వైపు ఇంకొంచెం తుడువు.
ఎక్కేటప్పుడు ప్యాంటు రాసుకునే అంచు అది."

తివాచీకి పాత స్వెట్టరు.
కత్తెరతో పొడి చేసి, నేల మీద జిగురు రాసి
టీ వడపోతతో చల్లాను,
దోసె మీద కారప్పొడిలా.
గేరు రాడ్డు గుండుసూది.
కిటికీలు దించే పిడులు చాక్లెట్ రేకు —
ఒకటి నేను తుమ్మితే ఎగిరిపోయింది,
మూడో రోజున నా చెప్పు అడుగున దొరికింది.

డాష్‌బోర్డు దగ్గర పని చెడింది.
అక్రోటు చెక్క రావాలి. గోధుమరంగు మీద
చింతపులుసంత పల్చగా ముదురు గీతలు.
నాది పళ్ళకి అలవాటుపడ్డ చెయ్యి,
గీసిన ప్రతి గీతా నిటారు.
చెక్క కాలేదు, రూళ్ళ నోటుబుక్కయింది.
మూడుసార్లు చెరిపాను.
నాలుగోసారికి సిరిల్ తువ్వాలు తీసి పక్కన పెట్టాడు.

మొదటి చుక్క టీ కప్పులో పడింది.
రెండోది ఆయన చొక్కా మీద.
అప్పుడు మోచెయ్యి పట్టుకున్నాను, మణికట్టు వదిలేశాను.
వణుకు కుంచెలోకి దిగింది,
కుంచెలోంచి చెక్కలోకి.
గీత ఒకచోట సన్నబడి, తడబడి,
ముడి చుట్టూ తిరిగి, మళ్ళీ దారిన పడి,
చెట్టు తనకు తాను గీసుకున్నట్టే.
నేనేమీ అనలేదు.
ఆయన మెల్లిగా ఓ బూతు మాట అన్నాడు, మెచ్చుకోలుగా.

మీటర్ల మీద తెల్ల జిగురు, బొట్టు బొట్టు.
ఆరితే అద్దం.
గడియారంలో ఎంత పెట్టమంటారు?
"ఎంతైనా పెట్టు. అది ఏనాడూ సరిగ్గా నడవలేదు."

ఇక పైన బాడీ బిగిస్తే
ఇందులో కంటికి ఆనేది పావు వంతు.
ఆ మాటంటే నవ్వాడు:
"సీటు అడుగున కుట్టు మాత్రం ఎవరు చూశారు?
అక్కడా ఏడే వేసేవాణ్ణి."

ఎప్పుడైనా ఇందులో తిరిగారా అని అడిగాను.
తిరగలేదట. జీతం ఎక్కడ, కారు ఎక్కడ;
ఫోల్స్‌హిల్ రోడ్డు మీద బస్సు ఉండేది.
కూర్చున్నది మాత్రం ఒకసారి,
షెడ్డులో, మధ్యాహ్నం రొట్టె తింటూ.
అప్పటికి దానికి చక్రాలు పెట్టలేదు.
ఇంజనూ లేదు.

ఈ కిట్‌లోనూ లేదు.
చాసిస్ ముందుభాగం వంచి చూపించాను: ఖాళీ.
బాడీ ఇంకా పళ్ళెంలో వెల్లకిలా ఆరుతోంది.
ఆయన బల్లకి గడ్డం ఆనించి,
ఒక కన్ను మూసి,
డ్రైవరు సీటు ఎత్తుకి వంగాడు.
రొట్టె ముక్క ఏదైనా ఉందా, అన్నాడు.